తోడుపిలుపు

చక్రధరరావుకు విశాఖపట్నం బదిలీ అయ్యాక సారలమ్మకు ఆదివారాలు మరీ పొడుగైపోయాయి.

ఆమె ఊరు మరైగూడ. ఇనుప గనుల కొండ కింది టౌన్‌షిప్ ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. క్వార్టర్‌లో ఒక్కతే ఉంటుంది. కాస్త సందడంటూ ఉంటే అది సర్వే ఆఫీసులో పనిచేసే చక్రధరరావు నేర్పిన కథల ఆటే. ఆయన కథ నడుపుతాడు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు తలా ఒక పాత్ర అయి, ఆపద వస్తే ఏం చేస్తారో చెబుతారు. అది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. గనిలో రాళ్ళు పిండిచేసే క్రషర్ దగ్గర ఎలక్ట్రీషియన్‌గా ఉన్న లక్మా ఆ ఆటలో కావలి సిపాయి. అతని భార్య, బడిలో పాఠాలు చెప్పే నందే, బాణాలు వేసే వీరనారి. సారలమ్మ మంత్రగత్తె.

ఇప్పుడు చక్రధరరావు ఫోన్‌లోంచి కథ నడుపుతున్నాడు. ఫోన్‌ను నీళ్ళ చెంబుకు ఆనించి పెట్టుకునేవాళ్ళు. వాన వస్తే సిగ్నల్ పోయి, ఆయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలిచిపోయేవాడు.

ఒక ఆదివారం సారలమ్మ తాను సొంతంగా అల్లిన మంత్రం బయటపెట్టింది. దాని పేరు తోడుపిలుపు. తోటివాళ్ళు ఎంత దూరాన ఉన్నా, పేరు పెట్టి పిలిస్తే చాలు, వచ్చి పక్కన నిలబడాలి.

"బాగుందండీ, కానీ బలం మరీ ఎక్కువైంది," అన్నాడు చక్రధరరావు. "మీరు పిలిచినప్పుడల్లా వచ్చేస్తుంటే ఇక కథలో దూరానికి అర్థమేముంది? దానికి తగ్గ మూల్యం పెట్టాలి."

"నా ప్రాణబలంల సగం పెడ్త సార్."

"సగమా!"

"పెడ్త."

ఆడి చూశారు. మంత్రగత్తె ఒంటరిగా గుహలో భూతాలకు చిక్కింది. చాలా దూరంలో లక్మా సిపాయి తాళ్ళ వంతెనకు కాపలా ఉన్నాడు. ఊరి జనాన్ని వెంటబెట్టుకుని నందే ఆ వంతెన దాటుతోంది. సారలమ్మ వెనకాముందూ చూడకుండా లక్మాను పిలిచింది. సిపాయి గుహలో ప్రత్యక్షమయ్యాడు, ఇద్దరూ కలిసి భూతాలను చంపారు. ఈలోగా కాపలా లేని వంతెన దగ్గరికి శత్రువులు వచ్చారు. పాచికలు వాళ్ళకే కలిసొచ్చాయి. తాళ్ళు తెగి, నందేతో సహా జనమంతా ఏట్లో పడిపోయారు.

నందే లేచి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

"నన్ను అడగకుండనే గుంజుకున్నవ్ దీదీ," అన్నాడు లక్మా. "నేను ఆడ ఉండాల్సినోణ్ణి."

"ఆటే కద లక్మా."

"ఆటే. అయినా అడగాలె కద."

ఆ మాట సారలమ్మను వారమంతా వదల్లేదు. రక్తం తీస్తున్నా అదే, అన్నం తింటున్నా అదే. చక్రధరరావు వెళ్ళిపోయినప్పటి నుంచి ప్రతి ఆదివారం వీళ్ళిద్దరినీ తనే రమ్మంటోంది. రాత్రి డ్యూటీ చేసిన కళ్ళతో లక్మా వచ్చేవాడు. నందే ఆవలింతలు దాచుకుంటూ కూర్చునేది. వీలవుతుందా అని వాళ్ళను ఎన్నడూ అడిగిన గుర్తు లేదు.

మళ్ళీ కలిసినప్పుడు మంత్రాన్ని మార్చింది. "పిలుపు వాళ్ళకు ఇనబడ్తది సార్. ఇష్టమైతేనే వస్తరు. రానని చెప్పొచ్చు."

"రానంటే మీ సగం బలం వృథాయేనా? అలాగైతే దీన్ని ఎవరూ వాడరండీ. మొన్న మరీ బలంగా ఉంది, ఇప్పుడు మరీ నీరసపడింది. రానన్నా మీకు ఏదో ఒకటి దక్కాలి."

సారలమ్మ పాచికలు పక్కకు జరిపింది. "వాళ్ళ మాట నాకు ఇనబడాలె. యాడ ఉన్నరో, ఎట్ల ఉన్నరో. అది చాలు. సగం కాదు, పావు పెడ్త."

ఫోన్‌లో చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందనుకుంది.

"ఇప్పుడు సరిపోయింది," అన్నాడు చక్రధరరావు చివరికి.

అదే ఘట్టం మళ్ళీ ఆడారు. భూతాలు చుట్టుముట్టగానే ఆమె పిలిచింది. లక్మా భార్య వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు.

"రాను దీదీ. వంతెన మీద జనం ఉన్నరు. నేను బాగనే ఉన్న. నువ్వు పైలం."

సారలమ్మ పాచికలు వేసింది. కలిసిరాలేదు. మంత్రగత్తె ఆ గుహలోనే చనిపోయింది. వంతెన నిలిచింది, జనం ఒడ్డు చేరారు.

"ఇంకో పాత్ర చేస్కో దీదీ," అంది నందే ఆమె చెయ్యి పట్టుకుని.

"చేస్కుంట లే. వచ్చే ఆదివారం ఆట వద్దు. మీరు ఆవపల్లిల నీ తల్లిగారింటికి పోయి ఎన్నాళ్ళయింది? పోయి రాండ్రి."

నందే మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. దాచుకోబోయింది కానీ చేతకాలేదు.

ఆ ఆదివారం వాళ్ళు లేరు. మధ్యాహ్నం చక్రధరరావు ఫోన్ చేశాడు. అక్కడ ఆయనకు కొత్త జట్టు కుదిరిందట. వాళ్ళకు తోడుపిలుపు ఇచ్చి చూశాడట.

"ఒకమ్మాయి స్నేహితుణ్ణి పిలిచిందండీ. అతను రానన్నాడు. గదిలో ఎవరూ కదిలితే ఒట్టు. ఆట అయ్యాక, ఎవరు అల్లారీ మంత్రం అని అందరూ అడిగారు."

"ఏమన్నరు సార్?"

"మా సారలమ్మ గారని చెప్పాను."

వాళ్ళంతా ఎవరు, ఎలా ఉంటారు, ఆ పిల్ల పేరేంటి అని అడగాలనుకుంది. అంతలో అటువైపు ఎవరో నవ్వుతూ ఆయన్ను పిలిచారు. "ఉంటానండీ," అని పెట్టేశాడు.

సారలమ్మ లేచి, కొంచెం అన్నం వడ్డించుకుని, ఆట బల్ల దగ్గరే ఒక్కతే కూర్చుని తిన్నది.