దొంగకొమ్మ

దొంగిలించి నాటిన కొమ్మే బాగా బతుకుతుందంటారు. ఈ మాట నిజమేనా అన్న అనుమానం నాకు తొమ్మిదేళ్ళుగా ఉంది. నిజమే అయితే దేవుడు ఎవరి పక్షం? రోజూ పొద్దున్నే దీపం పెట్టి ఆయనకు అన్నీ చెప్పుకుంటాను గానీ, ఈ ఒక్క ప్రశ్న అడగడానికి మాత్రం నోరు రాలేదు. ఆ దొంగను నేనే మరి.

పక్కింటి టీచరమ్మ ఊళ్ళో లేని రోజు చూసి, స్టూలు ఎక్కి, గోడ అవతలికి చెయ్యి చాపి, ఆమె తీగ నుంచి జానెడు కొమ్మ తుంచాను. నారింజ రంగులో చిన్న బూరల్లాంటి పూలు. ఇవాళ అది మా వైపు గోడ మీద సగం దాకా పాకింది. డబ్బిచ్చి కొన్న మొక్కలు మాత్రం నెల తిరక్కుండా పోతాయి.

"నువ్వు దండం పెట్టీ పెట్టగానే అవి నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళిపోతున్నాయి," అనేవారు మావారు.

అత్తయ్య స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగాక నాకు ఆ నవ్వులాటలు రుచించలేదు. ఆపరేషనయింది, ఎముక అతుక్కుంది. రోజూ కాసేపు లేచి కూర్చోబెట్టకపోతే ఇక మంచమే గతి అన్నాడు డాక్టరు. ఆవిడ కూర్చోనంది. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కి ఇల్లు నడిపిన మనిషి, కిటికీకి వీపు పెట్టి లోపలి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆవిణ్ణి ఇటు తిప్పడానికే కిటికీ ముందున్న పెరట్లో తోట వేద్దామనుకున్నాను. పట్టుమని పన్నెండు అడుగులు కూడా లేని జాగా. నర్సరీ పెద్దాయన మూడు ముక్కల్లో చెప్పాడు: "రంగుకి రంగు ఎదురు పెట్టండమ్మా. నున్నటి ఆకు పక్కన గరుకాకు పెట్టండి. వెలుగు ఎటు నుంచి వస్తుందో చూసి మరీ నాటండి." మొదటి రెండూ బుద్ధిగా విన్నాను. ముదురు ఎరుపు క్రోటన్ల ముందు పసుపు బంతి, వాటి పక్కన బూడిద పూసినట్టుండే వెండాకు మొక్కలు, అంచున జుట్టులా వాలే గడ్డి. నిలబడి చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

"అత్తయ్యా, ఒక్కసారి ఇటు తిరగండి."

తిరిగింది. చూసింది. "ఏదీ తోట?" అంది.

నా ఒళ్ళు మండిపోయింది. నడుం పడిపోయేలా తవ్వితే ఈ ఎత్తిపొడుపా! బంతి తీసేసి ఊదాపూలు పెట్టాను. "ఏదీ?" అంది. గడ్డి పీకేసి గులకరాళ్ళు పరిచాను. "నాకేం కనపడట్లేదమ్మాయ్," అని మళ్ళీ అటు తిరిగిపోయింది. దానికి తోడు ఒక్క మొగ్గా విచ్చదు, క్రోటన్ల ఎరుపు వెలిసిపోతోంది. ఆ రోజు గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టాను.

"మీ అమ్మగారికి కళ్ళు లేవా, నాకు చేతులు లేవా?" అని మావారి మీద విరుచుకుపడ్డాను.

"నాకు పని ఉంది," అని ఆయన చెప్పులేసుకున్నారు.

మర్నాడు దుప్పటి మారుస్తూ నడుం పట్టేసి, అత్తయ్య పక్కనే వాలిపోయాను. తల దిండు మీద ఆనింది. కిటికీలోంచి చూశాను. నేల లేదు. క్రోటన్లు లేవు. కిటికీ అంచు పైన ఎండకి మెరిసే తెల్లగోడ, దాని మీద ఆ దొంగతీగ, అంతే. వెలుగంతా గోడ పైభాగాన పడుతోంది. కింద నా మొక్కలకి గంటసేపు కూడా ఎండ లేదు. ఇన్నాళ్ళూ తోటంతా నిలబడి వేశాను, పడుకున్న మనిషి కోసం.

"ఇప్పుడు తెలిసిందా?" అంది అత్తయ్య. "ఆ తెల్లదనం కళ్ళలో సూదుల్లా గుచ్చుకుంటోంది. తెల్లగుడ్డ మీద ఒక్క పువ్వు కుట్టి వదిలేస్తే ఎన్నాళ్ళని చూడను?"

"ముందే చెప్పొచ్చుగా!"

"కనపడట్లేదని చెబుతూనే ఉన్నా. నువ్వు గిన్నెలతో జవాబిస్తున్నావు."

మొక్కలన్నీ కుండీల్లోకి మార్చి గోడకి వేలాడదీయాలి. గోడేమో టీచరమ్మది. మేకు కొట్టడానికి ఆమెను అడగాలి. ఆ తీగ పెట్టుకుని ఏ ముఖంతో అడగను? దీపం ముందు చాలాసేపు కూర్చున్నాను. లేచి టీచరమ్మ ఇంటికి వెళ్ళి అంతా చెప్పేశాను.

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "తెలుసు వదినా. స్టూలు కాళ్ళ గుర్తులు మీవైపున్నా, రాలిన ఆకులు నావైపేగా. అడిగుంటే వేరుతో ఇచ్చేదాన్ని."

తల దించుకునే మేకుల సంగతి అడిగాను.

సెలవు రోజున ఆమే సుత్తితో వచ్చింది. ఎండ తగిలేచోట క్రోటన్లు, వాటి ముందుకి వాలేలా వెండాకు, తీగ పక్కన ఊదాపూలు కట్టాం. అత్తయ్య మంచం మీద నుంచే పురమాయించింది. "నారింజ పక్కన ఎరుపొద్దు, రెండూ కొట్టుకుంటాయి. ఆ బూడిదరంగుది మధ్యలో పెట్టు. ఇంకా పైకి! ఎవరక్కడ, ఆ దిండు నా వీపు వెనక పెట్టండి!"

మావారు దిండు పెట్టారు.

పనయ్యాక టీచరమ్మ తీగ దగ్గర ఆగింది. "నా తీగ అటుపోయిన ఎండాకాలంలోనే ఎండిపోయింది వదినా. రెండుసార్లు కొన్నాను, బతకలేదు."

కత్తెర తీసుకుని గబగబా తీగ దగ్గరికి నడిచాను. ఆమె నా చేతిలోంచి కత్తెర లాక్కుంది. "మీరిస్తే బతకదు. అటు తిరగండి."

పాఠాలు చెప్పే మనిషి, ఆమెకీ అదే నమ్మకం! నవ్వాలో ఏడవాలో తెలియక కిటికీ వైపు తిరిగాను. లోపల అత్తయ్య దిండు వదిలేసి, రెండు మోచేతుల మీద లేచి, మెడ చాచి నా వెనక్కి చూస్తోంది.

"తిరక్కు అమ్మాయ్, ఇంకా వెతుక్కుంటోంది," అంది నాతో గుసగుసగా. వెంటనే టీచరమ్మకి వినపడేలా గొంతు పెంచింది. "ముదురు కొమ్మ చూసుకోమ్మా, లేతది వేరు పట్టదు!"

వెనక కత్తెర టక్కుమంది.

"ఆ, అయిపోయింది," అంది అత్తయ్య. "ఇక తిరుగు."