పోయిన రోజు ధర

తెల్లారినప్పటి నుంచి చిట్టిరాజుకు కాలు ఒక చోట నిలవడం లేదు. అరుగు మీద కూర్చుంటాడు, లేస్తాడు, గేటు దాకా వెళ్లి రోడ్డు చూసి వస్తాడు. తాగిన సంగతి మరిచిపోయి మళ్లీ కాఫీ అడిగాడు. రాజమండ్రి నుంచి పన్ను ఆఫీసరు వస్తున్నాడు మరి.

తండ్రి మాధవరాజుగారు పోయి ఏడాది కావస్తోంది. అప్పటి చట్టం ప్రకారం మనిషి పోతే ఆయన ఆస్తికి విలువ కట్టి సర్కారుకు పన్ను కట్టాలట. పొలానికైతే ఆయన పోయిన రోజున ఎంత ధర ఉందో అదే వేయాలట. బతికుండగా రైతు ముఖం చూడని సర్కారుకు ఆ ఒక్కరోజు మీద ఎంత శ్రద్ధో! భీమవరం ఆడిటరు లెక్కలు చూసి, ఉన్న ధర వేస్తే కాలవ గట్టు ఎకరం అమ్మితే గాని పన్ను తీరదని తేల్చేశాడు. ఆ ఎకరం మీద చిట్టిరాజుకు ప్రాణం. తండ్రి వెనకాల నడుస్తూ వ్యవసాయం నేర్చుకున్నది అందులోనే.

అందుకని ఒక ఉపాయం ఆలోచించాడు. తండ్రి పోయిన వారంలోనే, ఆయన పోవడానికి ముందు తుపాను వచ్చింది. దిగువ చేలన్నీ మునిగాయి. వీళ్లది మెరక, ఒక్క వరి దుబ్బు కూడా పడిపోలేదు. అయినా ఆ రోజు తమ పొలమూ మునిగే ఉందని చెబితే సగం ధరే వేస్తారు. దిగువ రైతుల కష్టం వీడికి అలా కలిసొచ్చిందన్నమాట.

ఆఫీసరు నాగేశ్వరప్రసాద్ నెమ్మదైన మనిషి. హాల్లో కూర్చుని మజ్జిగ తాగి, కాగితాలు ముందేసుకున్నాడు.

"ఆ రోజు పొలం పరిస్థితి ఏంటండి?"

"నడుంలోతు నీళ్లండి. గింజ దక్కదని తెలిసిపోయిందండి."

"మీ నాన్నగారు చూశారా?"

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ అబద్ధం రుచి నోటికి తగిలాక ఆగడం కష్టం.

"చూశారండి. పొద్దున్నే వెళ్లి చూసొచ్చి, ఆ దిగులుతోనే పోయారండి."

లోపలి గది తలుపు కదిలింది. ఆ ఇంటి ఆడవాళ్లు పరాయి మగవాళ్ల ఎదటికి రారు, మాట వినబడనివ్వరు. ఆ రోజు మాత్రం తలుపు చాటు నుంచి చిట్టిరాజు తల్లి అలివేలుమంగ గొంతు వినిపించింది.

"ఆయన దిగులుతో పోలేదండి."

చిట్టిరాజు గబుక్కున లేచాడు. "అమ్మా, నువ్వు ఊరుకో."

"ఏడాదిగా ఊరుకునే ఉన్నాను అబ్బాయీ." ఆవిడ ఆగలేదు. "ఆ రోజు చేలోంచి వచ్చారండి. విస్తరేశాను. 'చేను చూస్తే కడుపు నిండిపోయింది, అన్నం కాసేపాగి తింటాను' అన్నారండి. నవ్వుతూ మంచం మీద వాలారు. మళ్లీ లేవలేదు. అన్నం తినకుండా పోయారే అని నేను ఏడవని రోజు లేదండి. కడుపు నిండే పోయారన్న ఆ ఒక్క మాటా పట్టుకుని బతుకుతున్నాను. చేను మునిగిందని రాసి, దాన్ని కూడా తీసెయ్యకండి."

ఆఫీసరు కలం మూసి పక్కన పెట్టాడు. చిట్టిరాజుకు తల్లి మీద ఒళ్లు మండిపోయింది. అంతలోనే ఆ మంట తన మీదికే తిరిగింది. తండ్రి ఆ మాట అన్నట్టు వాడికి ఇన్నాళ్లూ తెలియదు. అడగనూ లేదు.

"ఎంత వెయ్యమంటారు రాజుగారూ?" అన్నాడు ఆఫీసరు చివరికి.

"బయట ఉన్న ధరే వెయ్యండి. ఆ రోజు చేను నిక్షేపంలా ఉందండి."

ఆఫీసరు వెళ్లాక చిట్టిరాజు లోపలికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎకరం పోతుందా?" అంది అలివేలుమంగ.

"పోతుందమ్మా. కాలవ గట్టుది."

మొగుడు ఆఖరిసారి నిలబడింది ఆ చేలోనే. ఆవిడ కళ్లు తుడుచుకుని అంది:

"కొనేవాళ్లు మునక నేల అని బేరమాడితే ఒప్పుకోకు. నాన్నగారి పొలమది. మంచి ధరకే ఇవ్వు."