హెడ్మాస్టరు గారి లాటిన్

మా హెడ్మాస్టరు బ్రాండిమార్తెకి లాటిన్ రాదు. రాకపోవడం నేరమేమీ కాదు, ఆయన మొన్నమొన్నటిదాకా వ్యాయామం మాస్టారు. కానీ ముప్పై ఏళ్లుగా లాటినూ గ్రీకూ చెబుతున్న నాకు, వాటిని ఎలా చెప్పాలో నేర్పడానికి బయలుదేరాడు. తాదూర కంత లేదు, మెడకో డోలు.

ఆయన గారి సంస్కరణ ఇదీ: వ్యాకరణం ఉండదు. నిఘంటువు ముట్టుకోకూడదు. పిల్లలు దుప్పట్లు చుట్టుకుని రోమన్లలా వేషాలు కడితే లాటిన్ దానంతటదే వంటబడుతుంది. గ్రీకుకి వారానికి ఒక్క గంట, అందులోనూ దేవుళ్ల వీడియోలు. తల్లిదండ్రుల సభ సరేనంటే సెప్టెంబరు నుంచే అమలు. అంటే నేను బతుకంతా చెప్పిన గ్రీకు మా ఊళ్లో ఇక లేనట్టే.

సభ రోజున హాల్లో పెద్ద ఎర్రగుడ్డ ఒకటి కట్టించాడు. దాని మీద లాటిన్‌లో బంగారు అక్షరాలు: స్కోలా కాసా నోస్ట్రా.

"బడే మన ఇల్లు! ఎలా ఉంది, ప్రొఫెసొరెస్సా? నేనే రాశా. నిఘంటువు తెరిస్తే ఒట్టు!" అన్నాడు. మా ఇటలీలో పంతులమ్మని ప్రొఫెసొరెస్సా అంటారు.

"తెరవలేదని చూస్తేనే తెలుస్తోంది లెండి," అన్నాను.

మెచ్చుకున్నాననుకుని మురిసిపోయాడు.

మేం మాట్లాడే ఇటాలియన్‌లో కాసా అంటే ఇల్లే. లాటిన్‌లో మాత్రం ఇల్లు దోముస్. కాసా అంటే గొర్రెల కాపరి తలదాచుకునే గుడిసె. మొదటి నెలలోనే నేను చెప్పే పాఠం ఇది. అక్కడికక్కడే దిద్దించవచ్చు. ఎందుకు దిద్దించాలి? వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది నా దగ్గర అయిదేళ్లు చదివినవాళ్లే. చూడగానే పడీపడీ నవ్వుతారు, దాంతో ఆయనా ఆయన సంస్కరణా గంగలో కలుస్తాయి. పొద్దుటి నుంచీ నాకు పండగలా ఉంది.

వచ్చారు. వేయించిన ఆలివ్‌లు తిన్నారు. ఆ గుడ్డ ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఒక్కరు కూడా నవ్వలేదు. మందుల షాపు లొరెదానా, ఒకప్పుడు నా క్లాసులో అనువాదానికి పదికి తొమ్మిది తెచ్చుకున్న పిల్ల, నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత బావుందో ఆ మాట! మీరే రాశారు కదూ, ప్రొఫ్?"

నాకు ఒళ్లు మండిపోయింది. బ్రాండిమార్తె ఉపన్యాసం సగంలో ఉండగానే లేచాను.

"ఆపండి సార్! మీరక్కడ కట్టింది 'బడి మన గుడిసె' అని. కాసా అంటే గుడిసె! ఆ ముక్క కూడా తెలియని మనిషి లాటిన్‌ని బాగుచేస్తాడట. ఈయన చేతిలో పెడతారా మీ పిల్లల్ని?"

ఆయన ముఖం గుడ్డ కంటే ఎర్రబడింది. "పోనిద్దురూ, ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా..." అని నసిగాడు. ఇక గెలిచినట్టే అనుకున్నాను.

అప్పుడు లొరెదానా మెల్లగా లేచింది.

"ప్రొఫ్, ఏమీ అనుకోకండి. ఆయనంటే లాటిన్ చదువుకోలేదు. మేం చదివాం కదా, మీ దగ్గరే. విభక్తులన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. నిఘంటువు మోసీ మోసీ నా భుజం వంగిపోయింది. మరి ఇంతమందిలో ఒక్కళ్లకీ అది తప్పని తెలీలేదేంటి?"

ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది. నేను చెప్పే జవాబు కోసం నిలబడే ఉంది. వరసవరసా చూశాను. దాదాపు అన్నీ నేను పాఠం చెప్పిన ముఖాలే, అందరూ తలలు దించుకున్నారు. మీరంతా మొద్దులు అని అరుద్దామనుకున్నాను. అరవకుండానే కూర్చున్నాను.

"సంస్కరణకి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు బ్రాండిమార్తె.

లేచాయి. లొరెదానా నా వైపు ఇంకాసేపు చూసి, అందరికంటే ఆఖర్న తనూ ఎత్తింది.