సున్నా ఉన్నకాడ రంగు వద్దు

మధును ఆటోలోకి ఎక్కించేసరికి అతని ఎడమకాలి చెప్పు రోడ్డు మీదే ఉండిపోయింది.

"మెల్లగ! నడుం గుంజకుండ్రి, తొడల కింద చెయ్యి పెట్టుండ్రి!" అని షెడ్డు యజమాని పండరి అరుస్తున్నాడు. ఎవరూ వినే స్థితిలో లేరు. మధు మాత్రం అరవడం లేదు. కళ్లు తెరిచి ఆటో కప్పువైపు చూస్తున్నాడు. ఆ మౌనమే పండరిని ఎక్కువ భయపెట్టింది.

ముహూర్తం పదకొండు గంటల పది నిమిషాలకు. టైర్ల కింద నిమ్మకాయలు నలిగి ఇంకా పావుగంట కాలేదు. కొత్త జీపు ఎర్రగా మెరుస్తూ మడికొండ రోడ్డు మధ్యలో అడ్డంగా ఆగి ఉంది. దాని వెనక భాగంలో నాయకుడు నిలబడి జనానికి చేతులూపడానికి ఒక అరుగు కట్టారు. అరుగు చుట్టూ నడుమెత్తు పైపు కటకటా. ఇప్పుడా కటకటా జీపు మీద లేదు. నాలుగు కాళ్లతో సహా ఊడిపోయి రోడ్డు పక్కన పడి ఉంది.

ఎక్కమన్నది గోపాల్. నాయకుడి పనులన్నీ చక్కబెట్టేది ఆయనే. "రంగేసినోడివి నువ్వే గదా, ఎక్కి నిలవడు. అన్న నిలవడితే ఎట్లుంటదో ఫోటో తీస్త" అన్నాడు. మధు నవ్వుకుంటూ ఎక్కాడు, కటకటాకు ఆనుకుని చెయ్యి ఊపాడు. షెడ్డులోంచి రోడ్డెక్కుతూ జీపు మలుపు తిరగగానే కటకటాతో పాటు కిందికొచ్చాడు.

ఆటో కదిలాక గోపాల్ ఊడిన పైపు కాలును బూటుతో తిప్పి చూశాడు. అడుగున రంగు పెచ్చులూడి, శనగగింజంత వెల్డింగు చుక్కలు రెండు కనబడ్డాయి.

"ఇవి టాకాలు గదా పండరీ?"

టాకా అంటే పైపు కదలకుండా నిలబెట్టడానికి తాత్కాలికంగా పెట్టే చుక్క. దాని మీద చుట్టూ నిండుగా వెల్డింగు చేస్తేనే అతుకు. ఈ నాలుగు కాళ్లకూ టాకాలు తప్ప అతుకు లేదు.

"ఎల్లుండి అన్న నిలవడే జాగ ఇది. అన్న పడితే? ఎవడు చేసిండు ఈ పని?"

సరిగ్గా అప్పుడే షేర్ ఆటోలోంచి వెల్డర్ మొగిలి దిగాడు. భుజానికి గుడ్డసంచి, కళ్ల కింద రెండు రాత్రుల నిద్రలేమి. నెక్కొండలో పొద్దుటి రైలెక్కి నేరుగా వస్తున్నాడు.

పండరి చెయ్యి దానంతటదే లేచింది.

"అగో, వాడే" అన్నాడు.

*

షెడ్డులోకి రాగానే గోపాల్ గొంతు తగ్గించాడు. "మూడు గంటలకు ఎస్సై వస్తడు. రోడ్డు మీద జనం వీడియో తీసిండ్రు, కేసు తప్పది. కాగితం మీద ఒక్క పేరుండాలె. పనోడి అజాగ్రత్త అంటే అన్నకు మచ్చ లేదు, నీ షాపు నీకుంటది, అన్న ఆర్డర్ల మిగిలిన అయిదు జీపులు నువ్వే కడతవ్. షాపు తప్పు అన్నమనుకో..." మిగతాది అనకుండా షెడ్డు రేకుల్ని ఒకసారి చూసి ఫోను తీసుకుని బయటికి వెళ్లాడు.

పండరి చేనేత ఇంటి పిల్లవాడు. కొత్తవాడలో తండ్రి వెంకటరాజం మగ్గం ఆగిపోయాక ఒక గ్యారేజీలో చేరి, పదమూడేళ్లు పనిచేసి సొంత షెడ్డు వేశాడు. పాత జీపుల్ని ఎముకల దాకా విప్పి, అడిగినవాళ్లకు అడిగినట్టు కట్టిస్తాడు. బండ్లకు కొదవ లేదు. కొదవల్లా మనుషులకే. రెండేళ్లలో పదకొండు మంది వెల్డర్లు వచ్చి పోయారు. పని అడిగి వచ్చిన ప్రతివాడికీ రెండు పైపు ముక్కలిచ్చి అతకమనేవాడు, తర్వాత సమ్మెటతో కొట్టేవాడు. పదకొండు అతుకులూ ఏదో ఒక దెబ్బకు విరిగాయి. పన్నెండోవాడు మొగిలి. పండరి భుజం నొప్పి పుట్టేదాకా కొట్టాడు. పైపు వంగింది గానీ అతుకు విడలేదు.

"రోజుకు తొమ్మిదొందలు" అన్నాడు పండరి ఆయాసపడుతూ.

"సరే సేటూ. గని ఒక్క మాట. నేను అయిందన్నంకనే రంగెయ్యాలె" అన్నాడు మొగిలి.

ఆ మాట పండరికి ఎంత నచ్చిందంటే, దాన్ని షాపు నియమంగా మార్చి షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాడు: సున్నా ఉన్నకాడ రంగు వద్దు. టాకా మాత్రమే వేసిన చోట వెల్డర్ సుద్దతో సున్నా చుడతాడు. నిండు వెల్డింగు అయ్యాక తనే తుడిచేస్తాడు. సున్నా కనబడితే పెయింటరు ముట్టుకోకూడదు. వచ్చిన ప్రతి కస్టమరుకూ పండరి ఆ గోడ చూపించి "మా షాపు గింత పక్కా" అని చెప్పుకునేవాడు.

మొగిలి ఇప్పుడు ఆ గోడ కిందే, ఊడిన కటకటా ముందు గొంతుక్కూర్చున్నాడు. టాకాల మీద బొటనవేలు పెట్టి చూశాడు.

"సేటూ, నేను నాలుగు కాళ్లకు నాలుగు సున్నాలు పెట్టిపోయిన. బుధవారం పొద్దుగూకంగ మా అవ్వ పడ్డదని ఫోనొచ్చె. శుక్రారం పొద్దుగాల వచ్చి ఫుల్ చేస్త అని నీకు చెప్పిన గదా."

"చెప్పినవ్."

"మరి రంగెట్ల పడ్డది?"

"సున్నాలు కనబడలే మొగిలీ."

మొగిలి తలెత్తి చూశాడు. "కనబడలేదా? తెల్ల సుద్ద రాలిపోతాందని నేను సీట్లు కుట్టే సమ్మక్క కాడ బట్టల సుద్ద అడుక్కొని నీలి సున్నాలు పెడ్తాన. అది ఊదితే పోదు. తడిబట్టతోని రుద్దాలె."

"మధుగాడు తుడిచిండేమో. జల్దీ పడి..."

అనేశాక పండరికి తన నోరు తనదిగా అనిపించలేదు. మొగిలి రోడ్డువైపు చూశాడు. మధు చెప్పును ఎవరో తెచ్చి షెడ్డు గడప పక్కన పెట్టారు.

"మధు తుడువడు" అన్నాడు మొగిలి మెల్లగా.

*

తుడిచింది ఎవరో పండరికి తెలుసు.

అతని తండ్రికి ఒక అలవాటు ఉండేది. మగ్గం మీద కొత్త నేత మొదలుపెట్టే ముందు తడిబట్టతో కొయ్యనంతా తానే తుడిచేవాడు. భార్యను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. పండరి ఆ అలవాటును షెడ్డుకు తెచ్చుకున్నాడు. రంగుకు వెళ్లేముందు ప్రతి బండినీ తెల్లారగట్ల చెప్పులు విడిచి, తండ్రి ఫోటో పక్కన మేకుకు వేలాడే పసుపు బట్ట తడిపి, తన చేత్తో తుడిచి బొట్టు పెడతాడు. ఈ మూడేళ్లలో ఆ బట్టను ఇంకొకరు ముట్టలేదు.

గురువారం పొద్దున కూడా తుడిచాడు. మొదటి కాలు దగ్గర నీలి సున్నా చూసి చెయ్యి ఆగింది. మొగిలి లేడు. ఇంకో వెల్డర్ కోసం కాజీపేట దాకా ఆరుగురికి ఫోన్ చేశాడు. ఒక్కడూ ఖాళీ లేడు. శుక్రవారం పదకొండు పది దాటితే నెలరోజుల దాకా మంచి రోజు లేదని, ఆ పూటకు బండి లేకపోతే మిగిలిన అయిదూ హైదరాబాద్ పోతాయని గోపాల్ ఖరాఖండిగా చెప్పాడు. రంగు ఆరడానికి ఒక పగలూ రాత్రీ పడుతుంది. రెండు రోజుల ఊరేగింపే గదా, టాకాలు ఆగుతాయి, తర్వాత సర్వీసుకని తెప్పించి అతికిస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు.

నాలుగు సున్నాలూ తుడిచాడు. ఎనిమిదింటికి మధు వస్తే "అయింది, కొట్టు" అన్నాడు.

ఒక్కసారిగా పండరికి గుర్తొచ్చింది. బట్ట! పసుపు బట్ట మీద నీలి సుద్ద. అతను దాన్ని ఉతకలేదు. తుడిచి, పిండి, మళ్లీ అదే మేకుకు వేశాడు.

ఒక్క అంగలో షెడ్డు పక్క గదిలోకి వెళ్లాడు. తండ్రి ఫోటో ఉంది. మేకు ఉంది. మేకుకు ఏమీ లేదు.

"ఏం దేవులాడుతానవ్ సేటూ?"

గుమ్మం పక్కన కుట్టుమిషను ముందు సమ్మమ్మ కూర్చుని ఉంది. సీట్ల తొడుగులు కుడుతుంది. యాభై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు కొత్తవాడలో వెంకటరాజం ఇంటి పక్కిల్లే. మగ్గం పోయాక నాలుగేళ్లు బీడీలు చుట్టింది. పొగాకు ఘాటు పడక అదీ వదిలేశాక, రోజుకు నాలుగొందల యాభై ఇచ్చి పండరే తెచ్చి పెట్టుకున్నాడు. చిన్నప్పుడు చంకనెత్తుకున్న పిల్లవాడిని అప్పటినుంచీ ఆమె 'సేటూ' అనే పిలుస్తోంది.

"బట్ట... ఈడ పసుపు బట్ట..."

"ఉన్నది." చెయ్యి కుట్టుసంచి మీద పెట్టింది. "నేను నేసిచ్చిన బట్టనే గదా. నిన్న చూసిన, నీలి మరకలున్నయి. ఉతుకుదామని తీసిన. ఇయ్యాల గా పొల్లగాడు పడ్డంక ఉతుకబుద్ది కాలే."

పండరి తలుపు దగ్గరగా వేశాడు. "సమ్మక్కా, ఇటియ్యి."

"ఇస్తే?"

"నీకు మోటారు మిషన్ తెస్త. రోజుకు ఆరొందలు చేస్త. నీ బిడ్డ కావ్యకు కూడా ఈడనే పని..."

"మొగిలికి ఏమిస్తవ్?"

"వానికి ఏం గాదు. వట్టి కాగితమే. వకీలును పెడ్త, నేనే చూసుకుంట."

సమ్మమ్మ మిషను చక్రం మీద చెయ్యి ఆపింది. "మీ నాయిన షావుకారి కాడికి దుప్పటి కొంచవోతే ముందుగాల పోగు తెగిన జాగ చూపెట్టేటోడు, ఎరుకేనా? గా షావుకారి సగం ధర కోస్తుండె. మీ అవ్వ తిట్టేది, 'చూపెట్టకపోతే వానికేం ఎరుకైతది' అని. మీ నాయినేమో, 'కప్పుకున్నోనికి ఎరుకైతది' అనేటోడు."

"అవి వేరే దినాలు అక్కా. నాకు షాపు పోతది. షాపు పోతే నువ్వేడికి పోతవ్?"

ఆమె కుట్టుసంచిని ఒళ్లోకి తీసుకుంది.

అంతలో పండరి ఫోను మోగింది. మధు భార్య రమ్య, దవాఖాన నుంచి. "తుంటి బొక్క ఇరిగిందట సేటూ. ఆపరేషన్ చేసినా నడువనీకి ఏడాది పడ్తది అంటాండ్లు. గాయిన ఒక్కటే మాట అంటాండు... 'సేటు అయిందన్నడు, అయిందంటేనే నేను కొట్టిన' అని. ఏంది సేటూ అయింది?"

పండరి ఫోను కట్ చేశాడు. సమ్మమ్మ వినలేదనుకున్నాడు. పాత ఫోను, స్పీకరు గట్టిగానే వినబడుతుంది.

*

ఎస్సై మూడింటికి పది నిమిషాల ముందే వచ్చాడు. కుర్చీ వేశారు. గోపాల్ మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరితో రాయించాడో గానీ ముత్యాల్లాంటి అక్షరాలు.

"మొగిలంటే నువ్వేనా? చదివి సంతకం పెట్టు" అన్నాడు ఎస్సై.

మొగిలి ఏడో తరగతితో ఆగిపోయాడు. అయినా కాగితం రెండు చేతులతో పట్టుకుని పైకే, ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివాడు. "నా... అజాగ్రత్త వల్ల... వెల్డింగు పూర్తి చేయకుండా... యజమానికి తెలపకుండా..." అక్కడ ఆగాడు. మళ్లీ చదివాడు. "యజమానికి తెలపకుండా."

"జల్దీ" అన్నాడు గోపాల్.

మొగిలి కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. పెన్ను దాని మీద అడ్డంగా పెట్టాడు.

"నేను పెట్ట సార్."

"ఏందిరా?"

"కొట్టుండ్రి, కేసు వెట్టుండ్రి. సంతకం పెట్ట. దీని మీద నా పేరుంటే వరంగల్ నుంచి పట్నం దాంక ఏ షాపుల నాకు వెల్డింగు రాడ్ ఇయ్యరు. ఇయ్యకున్నా పర్వలేదు. గని తెలుపలే అన్న మాట అబద్ధం. తెలిపిన. నోటితోని తెలిపిన, సుద్దతోని తెలిపిన." గోడవైపు చెయ్యి చూపించాడు. "గా గోడ మీదున్నది చదువుండ్రి. నాలుగు సున్నాలు పెట్టి పోయిన. ఎవలో తుడిచిండ్రు."

ఎస్సై గోడ చదివాడు. కటకటా కాళ్లవైపు చూశాడు. కాగితం వేలితో పక్కకు జరిపాడు.

"ఎవడు తుడిచిండు?"

షెడ్డులో ఎండకు రేకులు చిటపటమన్నాయి. అవ్వకు కట్లు కట్టించేందుకు బుధవారం రాత్రి జేబులో డబ్బు పెట్టి పంపిన చెయ్యి ఎవరిదో మొగిలికి గుర్తుంది. తల దించుకున్నాడు.

పండరి నోరు విప్పబోయాడు. ఒక్క మాట చాలు. గోపాల్ అతని వైపే చూస్తున్నాడు. పండరి గది గుమ్మంలోకి వెనక్కి జరిగాడు.

"ఎవరికీ తెల్వదా? అయితే కేసుల వీన్నే ఎక్కిచ్చుడు" అని ఎస్సై లేచాడు.

కుర్చీ చప్పుడైంది. లేచింది సమ్మమ్మ. మిషను దగ్గర్నుంచి బల్ల దాకా పది అడుగులు నడిచి, కుట్టుసంచిలోంచి పసుపు బట్ట తీసి బల్ల మీద పరిచింది. దాని మీద నాలుగు చోట్ల నీలి మరకలు.

"గీ బట్టతోని తుడిచిండ్రు సార్. సుద్ద నాదే, బట్ట నేను నేసిందే. దీన్ని ముట్టేది ఒక్కరే. ఈ షాపుల అందరికి ఎరుకే. దవాఖానల ఉన్నోనికి సుత ఎరుకే."

"అవ్వా, జర సోచాయించి మాట్లాడు" అన్నాడు గోపాల్.

"యాభై ఎనిమిదేండ్లు సోచాయించుడే అయింది బిడ్డా."

"పేరు చెప్పమ్మా" అన్నాడు ఎస్సై. మళ్లీ కూర్చుని పెన్ను మూత తీశాడు.

సమ్మమ్మ ఎస్సై వైపు చూడలేదు. గది గుమ్మంలో, లోపలి తండ్రి ఫోటోకు ముందు నిలబడ్డ మనిషి వైపు తిరిగింది. మూడేళ్లుగా ఆమె నోట రాని పేరు అది. అయినా తడబడలేదు. చిన్నప్పుడు సందులోంచి అన్నానికి పిలిచినంత స్పష్టంగా పలికింది.

"పండరి. వెంకటరాజం కొడుకు పండరి. మా సేటు."