పొయ్యి దగ్గర జలరాశి

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం కట్టిన గుండ్రని కొత్త భవనం తలుపులు తెరుచుకున్న మరుసటి ఏడు, దానికి కూతవేటు దూరంలో వెంకటనారాయణగారు ఒక భోజనశాల పెట్టారు. గోదావరి జిల్లాలో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి పొందిన ఆయనకు పద్యమూ పంచాంగమూ రెండు కళ్లు. వంటతో ఆయన పరిచయం మాత్రం విస్తరి ముందు కూర్చున్నంత వరకే. శాలను నిజంగా నడిపేది ఆయన భార్య కనకలక్ష్మిగారూ, పొయ్యి దగ్గర యాదమ్మా.

ఆ గురువారం మధ్యాహ్నం ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అధికారి శ్రీనివాసరావుగారు రుచి చూడటానికి వస్తున్నారు. ఆయనకు నచ్చితే కంపెనీలోని రెండు వందల మందికీ రోజూ భోజనం ఇక్కడి నుంచే వెళుతుంది. నచ్చకపోతే, చుట్టూ హోటళ్లు వెలుస్తున్న వేగానికి, శాల దసరా దాకా నిలవడం కష్టమని దంపతులిద్దరికీ తెలుసు.

కనకలక్ష్మిగారు అరటి ఆకుల కోసం చందానగర్ మార్కెట్‌కు వెళ్లారు. శాలను శాస్త్రోక్తంగా సంస్కరించడానికి పండితులవారికి ఇంతకన్న మంచి ముహూర్తం దొరకలేదు. పనివాళ్లందరినీ పిలిచి నిలబెట్టారు.

"మేషం, సింహం, ధనుస్సు అగ్ని రాశులు. వారికి తెగువ ఎక్కువ. వృషభం, కన్య, మకరం భూతత్త్వం. వారిది ఓర్పు. మిథునం, తుల, కుంభం వాయువు. వారు చురుకైనవారు. కర్కాటకం, వృశ్చికం, మీనం జలం. మెత్తని మనసు. ఎవరి తత్త్వానికి తగిన పని వారికి అప్పగిస్తే, ఆ పని తనంతట తానే జరిగిపోతుంది. ఏమర్రా, మీ జన్మనక్షత్రాలు చెప్పండి!"

"పత్తి ఏరే యాళ్లకు పుట్టిన్నంట," అన్నాడు రాములు. మిగతావారికి ఆ మాత్రమూ తెలియదు.

పండితులవారు అధైర్యపడలేదు. జన్మనక్షత్రం తెలియనివారికి పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి రాశి చూసే పద్ధతి ఒకటి ఉంది. ఆ లెక్కన రాములు తుల, వాయువు; వడ్డన అతనిది. పుల్లయ్య కన్య, భూమి; కూరలు తరగాలి. అంట్లు తోమే భూలక్ష్మి, పేరులో భూమి ఉన్నా, ధనుస్సులో పడి అగ్ని అయింది. ఆమె పొయ్యి దగ్గరికి. యాదమ్మ వృశ్చికం, జలం. ఆమె అంట్ల దగ్గరికి.

"నేనా పొయ్యి కాడ?" భూలక్ష్మి కళ్లు పెద్దవి చేసింది. "మా ఇంట్ల చాయ్ గూడ మా ఆయినే పెడతడు అయ్యగారూ!"

యాదమ్మ చేతిలోని గరిటె దించలేదు. "మా అమ్మ యాదగిరి నర్సింహస్వామికి మొక్కుకుంటే పుట్టిన్న, పంతులుగారూ. మా వాడకట్టుల ఇంటికో యాదమ్మ ఉన్నది. అందరిది నీళ్ల రాశేనా? అండ్ల ఒకామె మొగుణ్ణి చీపురు పట్టుకొని ఉరికిస్తది."

"వృశ్చికమంటే తేలు కదమ్మా! సరిగ్గా సరిపోయింది," అన్నారాయన పరమానందంగా.

"ఇగ మీ ఇష్టం." యాదమ్మ అప్పటికే వార్చి పెట్టిన అన్నం మీద మూత వేసి, పెరట్లోకి వెళ్లి గిన్నెల మోత మొదలుపెట్టింది.

పండితులవారు స్వయంగా భూలక్ష్మి పక్కన నిలబడ్డారు. ఆమె భయపడి మంట తగ్గించబోతే, "తగ్గించకు! అగ్నికి సంకోచం పనికిరాదు," అని హెచ్చరించారు. రాములు వాయుతత్త్వాన్ని నమ్మకంగా పాటించి, బండలు పేల్చడం చూడటానికి కొండాపూర్ వైపు వెళ్లిపోయాడు. పుల్లయ్య భూతత్త్వంతో కదలక మెదలక, ఒకే వంకాయను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో పప్పు అడుగంటి, పొగ వీధిలోకి పోయింది.

అదే సమయానికి ఆకుల కట్టతో కనకలక్ష్మిగారు వచ్చారు. "ఏవండీ, ఏం తగలబెట్టారు?"

"నేను కాదు. ధనుర్రాశి..."

"ధనుర్రాశి లేదు, నా తలరాత లేదు! అదిగో ఆయన కారు ఆగింది. యాదమ్మ ఏదీ? అంట్ల దగ్గరా! మీరే వెళ్లి పిలుచుకురండి."

పండితులవారు పెరట్లోకి నడిచారు. "యాదమ్మా, రా తల్లీ."

"నాది నీళ్ల రాశి గద? నేనొస్తే పొయ్యి ఆరిపోదా?"

"అలా కాదమ్మా. అన్నం ఉడికేది నీటిలోనే. సూక్ష్మంగా విచారిస్తే పొయ్యికి కూడా జలమే..."

"పంతులుగారూ, ఆ రాశి ముచ్చట ఇడ్సిపెట్టుండ్రి. 'వంట నీకే వస్తది, రా' అనుండ్రి. వస్త."

ఎన్నో సభలలో ధారాళంగా ప్రసంగించిన పండితులవారు వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశారు. లోపల కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. "వంట నీకే వచ్చు తల్లీ. రా," అన్నారాయన.

యాదమ్మ చేతులు తుడుచుకుని లేచింది. పెసరపప్పు పొయ్యి మీద పడేసి, మిరపకాయలు కాల్చి, చింతపండు పిసికి, ఉల్లిపాయలు తరిగి పచ్చిపులుసుకు దిగింది. "పప్పు ఉడికేదాకా ఆయన్ను కూర్చోబెట్టండి. మీకు మాటలు వచ్చుగా, అవి వడ్డించండి," అని కనకలక్ష్మిగారు భర్తను మజ్జిగ గ్లాసులతో ముందుకు తోశారు. ఆయన నాలుగు తత్త్వాలనూ సోదాహరణంగా వడ్డించారు. పొయ్యి సంగతి మాత్రం ఉదాహరించలేదు.

శ్రీనివాసరావుగారు మొదట మొహమాటంగా తిన్నారు. రెండోసారి పప్పు అడిగారు. ఆపైన పచ్చిపులుసును గ్లాసులో పోయించుకుని తాగారు.

"సోమవారం నుంచి పంపించండి," అని చేయి కడుక్కుంటూ, "అన్నట్టు పండితులుగారూ, మా ప్రోగ్రామర్లకు ఒకరితో ఒకరికి పొసగడం లేదండి. మీరొచ్చి తత్త్వాలు చూసి, ఎవరికి ఏ పని ఇవ్వాలో చెబుతారా?" అని అడిగారు.

పండితులవారి ముఖం వెలిగింది. రెండు వందల జాతకాలు! నోరు తెరవబోయి, వంటగది గుమ్మంలో నిలబడి వింటున్న యాదమ్మను చూశారు.

"శాస్త్రం గొప్పది బాబూ," అన్నారు నెమ్మదిగా. "పుట్టినవేళ సరిగా తెలిసినవారుంటే పంపండి, తప్పక చూస్తాను. అందాకా ఎవరికి ఏ పని వచ్చో, వారిచేత అదే చేయించండి."

కారు కదిలిపోయాక యాదమ్మ దగ్గరికి వచ్చింది. "రెండు వందల మందికి అంటే నా ఒక్కదానితోని కాదు పంతులుగారూ. భూలక్ష్మిని నాకు తోడియ్యుండ్రి. మంట కాడ నేనుంట, ఆమె జర నేర్చుకుంటది."

పండితులవారు పంచాంగం వైపు చూడకుండానే సరేనన్నారు.