గోదావరి ఒడ్డున ఎసరు

"మల్లా గంజు నిండ వండినవ్! తినేది నలుగురం. గీ అన్నమంత ఎవరు తింటరే సారమ్మా, బర్రెలా?" అంది అత్త కరుణమ్మ.

"చెయ్యి తప్పింది అత్తమ్మా."

"దినాం తప్పుతదా?"

పొద్దున మొదలైన పోరు, మధ్యాహ్నం అందరూ కంచాల ముందు కూర్చున్నా ఆగలేదు. సారమ్మ చేతికి అలవాటైన కొలత వేరు. సముద్రానికి చేరువై గోదావరి బాగా వెడల్పైన చోట, రాజమండ్రి దగ్గర, రైలూ రోడ్డూ ఒక్కదాని మీదే పోయేలా కొత్త వంతెన కడుతున్నారు. ఐదేళ్లు ఆ ఒడ్డున గుడిసెలో ఉండి, భర్త స్వామిదాసు కింద పనిచేసే గుంపుకంతా తానే వండింది. మేస్త్రీ పెళ్లాం గుంపుకు వండిపెట్టడం అక్కడి రివాజు. గుంపులో ప్రతివాడికీ కూలి ఉంది. ఆమెకు 'మా సారమ్మ చేతి పులుసు' అన్న మాట ఉంది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం లేచి, రైళ్లు ఆగిపోతున్నాయని అందరూ పని వదిలి ఊళ్లకు వచ్చేశారు. మొయినాబాదులో అత్తింటికి చేరి నెలలైనా, బియ్యంలో చెయ్యి పెడితే అది ఇంకా గుంపుకే ముంచుతోంది.

"పోనీ అవ్వా, గోదారి నీళ్లు తాగిన చెయ్యి. జర పెద్దగనే ఉంటది," అని తల్లితో అంటూ నవ్వాడు స్వామిదాసు. మామ దయానందం కూడా నవ్వాడు.

సారమ్మకు నవ్వు రాలేదు. ఇక్కడికొచ్చినా ఆమెకు నిలకడ లేదు. చేవెళ్ల బస్సు చప్పుడైతే చాలు, చేతిలో పని వదిలి వాకిట్లోకి వస్తుంది. ఆ చప్పుడు పాత వంతెన మీది రైలులా ఉంటుంది. ఒడ్డున ఉన్నప్పుడు ఆ రైలు పోతుంటే పొయ్యి మీది మూత గడగడలాడేది. తలెత్తితే అవతలి గట్టు సగం చెరిపిన గీతలా కనబడేది. నీళ్లలోంచి కొత్త వంతెన దిమ్మెలు ఒక్కొక్కటే లేచాయి. ఆమె వండిన అన్నం పడవెక్కి వాటి మీదికి పోయేది, ఆమె మాత్రం పోలేదు. ఆడది కాలు పెడితే దిమ్మె కుంగుతుందని గుంపు నమ్మకం. చర్చిలో వాక్యం చదివే స్వామిదాసు కూడా, ఒక్కసారి చూసొస్తానంటే, "నేను నమ్మ గని, పోరగాళ్లు భయపడ్తరు. ఆడ నీకేం పనే?" అన్నాడు. ఏం పని? ఐదేళ్లూ ఆ మాటనే గిన్నెలతో పాటు తోముతూ వచ్చింది. మాడు వదిలింది గానీ ఆ మాట వదల్లేదు.

"సోమవారం పోతున్నం," అన్నాడు స్వామిదాసు ముద్ద కలుపుతూ. "రైళ్లు నడుస్తున్నయట. మన గుంపుల అబ్రహాము అందర్ని జమ చేసిండు. పెద్ద గంజులు సర్దు."

"మంచిగైంది. ఆ చేతికి తగ్గ కడుపులు ఆడనే ఉన్నయ్," అంది కరుణమ్మ.

సారమ్మ మామ కంచంలో మజ్జిగ పోసింది.

"నేను రాను."

ఎందుకు రావని స్వామిదాసు అడగలేదు. "మరి గుంపుకెవరు వండుతరు?" అన్నాడు.

"నా అన్నం ఎక్కితే కుంగని దిమ్మె, నేనెక్కితే కుంగుతదన్నరు. ఇగ అన్నం గూడ ఎక్కది. వంతెన పూర్తయినంక వస్త. ఈ ఒడ్డుకెల్లి ఆ ఒడ్డుకు నడిచి పోత."

"ఏంది బిడ్డా, పరాచికమా?" అన్నాడు దయానందం.

"కాదు మామా."

మిగిలిన అన్నం మీద మూత పెట్టి, అత్త వైపు తిరిగింది.

"అత్తమ్మా, సోమవారం నుంచి ముగ్గురికే ఎసరు పెడ్త."