నల్లగుడ్డకు గుచ్చిన కాగితం

దేశం విడిచి పారిపోయిన రాజు తిరిగొచ్చి గద్దెనెక్కిన నాలుగో ఏడు, మార్చి నెలలో ఒక మంగళవారం పొద్దున, థామసిన్ థర్కెల్ కాన్పులో పోయింది. బిడ్డ అంతకు గంట ముందే పోయాడు. గురువారం మధ్యాహ్నం ఇద్దరినీ ఒకే పెట్టెలో పాతిపెట్టాలి. ఆమె మొగుడు ఎడ్మండ్ థర్కెల్ ఆ ఊరి పాదిరి. పెళ్లాం కోసం ఆయన ఏడ్చాడు, కాదనను. కానీ బుధవారం పొద్దెక్కేసరికి ఏడుపు పక్కకు జరిగి ఇంకో భయం పట్టుకుంది. రేపు పెట్టె మీద గుచ్చడానికి పద్యమేదీ?

ఆ ఊరి చుట్టుపక్కల బురదనేలల్లో అదొక ఆనవాయితీ. పరువుగల ఇంట్లో ఎవరైనా పోతే పెట్టె మీద నల్లగుడ్డ కప్పి, పోయినవాళ్ల మీద రాసిన పద్యాన్ని దానికి గుండుసూదులతో గుచ్చుతారు. చర్చిలో చదివి వినిపిస్తారు. ఆఖరున దాన్నీ గోతిలో వేస్తారు. పద్నాలుగేళ్లుగా ఆ పద్యాలన్నీ థర్కెల్ పాదిరివే. దొరగారి తల్లి పోయినప్పుడు రాసింది విని మూడు ఊళ్లవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. బిషప్పుగారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ప్రతి పద్యం కిందా తోకలాంటి గీతతో 'ఎ. థర్కెల్' అని సంతకం ఉండేది.

ఆ సంతకం ఒక్కటే ఆయనది. పైనున్నదంతా థామసిన్‌ది. జున్ను చేసే గదిలో, పాలు విరిగేలోపు, ఆయన పాత ప్రసంగాల కాగితాలు తిరగేసి వాటి వెనక రాసేది. ఈ కాన్పుకు ముందు నలుగురు పిల్లల్ని కన్నది, నలుగురినీ మట్టికిచ్చింది. ఆ నలుగురి పద్యాల కింద కూడా మొగుడి పేరే. ఆడదాని పేరు నల్లగుడ్డ మీద కనబడితే ఊరు నవ్వుతుందని మొదటి బిడ్డ పోయినప్పుడు ఆయన చెప్పాడు. మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు, అలవాటైపోయింది. ఆయనకు అలవాటైంది. ఆమెకయిందో లేదో ఈ మహానుభావుడు ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

బుధవారమంతా కలం పట్టుకుని కూర్చుంటే వచ్చినవి రెండు పాదాలు. అవి ఎంత చచ్చుగా ఉన్నాయంటే ఆయనకే సిగ్గేసింది.

అప్పుడు పనిమనిషి సిసిలీ మడతపెట్టిన తెల్లగుడ్డ తెచ్చి చూపించింది. కడుపుతో ఉన్న ఆడవాళ్లు పుట్టబోయే బిడ్డకు చొక్కాలు కుడుతూనే, ఎందుకైనా మంచిదని, తమకు చుట్టాల్సిన గుడ్డ కూడా కుట్టి పెట్టుకునేవాళ్లు అక్కడ. థామసిన్ కూడా కుట్టుకుంది. దాన్ని చూడగానే పాదిరికి ప్రాణం లేచొచ్చింది. ఇది కుట్టుకున్న మనిషి పద్యం మాత్రం రాసుకోకుండా ఉంటుందా?

ఆమె బట్టల పెట్టె అడుగున నిజంగానే కాగితాలున్నాయి. నాలుగు పద్యాలు, ఇంకా బతికున్న నలుగురి మీద ముందే రాసిపెట్టినవి. ఒకటి దొరగారికి, ఒకటి మంత్రసానికి, ఒకటి గోతులు తవ్వే ఓబెడ్‌కి. నాలుగోదాని మీద 'నా ఎడ్మండ్‌కి' అని ఉంది. పెట్టె బోర్లించి దులిపినా ఆమెది మాత్రం లేదు.

"నేనూ అడిగానయ్యగారూ, మరి మీదేదమ్మా అని," అంది సిసిలీ. "నాది మీ అయ్యగారు రాస్తారే అన్నారు. అని నవ్వారు."

పాదిరి తన మీద ఆమె రాసిన పద్యం తీసి చదువుకున్నాడు.

*రొట్టె నడిముక్క నాకు పెట్టి అంచులు నువ్వు నమిలావు, మరిచిపోలేదు.*
*నా పాటలు నీ పేరుతో పాడుకున్నావు, అదీ మరిచిపోలేదు.*
*కోపముండేది. ఒకే పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ దాన్ని మింగాను.*
*ఆ కోపాన్ని ఇప్పుడు నీతోపాటే పాతిపెడుతున్నాను. వెళ్లిరా, క్షమించాను.*

చదివి ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు. అయితే ఏడుస్తూ ఏడుస్తూనే ఆయనకు ఒకటి తట్టింది. పద్యంలో ఎక్కడా పేరు లేదు. పెట్టెలో ఎవరుంటే వాళ్లకు సరిపోతుంది.

సరిపోనిది రెండో పాదం ఒక్కటే. దాన్ని మార్చబోయాడు, చేతకాలేదు. తీసేసి చూశాడు, కింద ఉన్న కోపానికి కారణం లేకుండా పోయింది. ఉంచితే మొత్తం ఉంచాలి, లేకపోతే రేపు ఊరి ముందు వట్టి చేతులతో నిలబడాలి. ఆ రెండో పని ఆయన వల్ల కాలేదు. పైనున్న తన పేరు వదిలేసి, పద్యాన్ని అక్షరం మార్చకుండా తన చేతిరాతతో ఎత్తి రాసి, ఆమె రాసిన కాగితాన్ని పొయ్యిలో పెట్టాడు.

గురువారం పొద్దున సిసిలీ ఆయన ఎత్తి రాసిన కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. పదకొండేళ్లుగా అమ్మగారి పక్కన పాలు కాచిన మనిషి, రాసేదెవరో ఆమెకు తెలుసు. చదువు మాత్రం రాదు.

"కింద అమ్మగారి పేరే పెట్టారు కదయ్యగారూ? ఈ ఒక్కసారైనా?"

"పెట్టాను," అన్నాడు పాదిరి.

సిసిలీ కాగితాన్ని ముద్దు పెట్టుకుని, నాలుగు మూలలా నాలుగు సూదులు తనే గుచ్చింది.

చర్చిలో, అక్కడి గుమాస్తా పద్యం చదివాడు. రెండో పాదం దగ్గర జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అయితే పాదిరిగారి పద్యాలను ఆవిడ తనవని చెప్పుకునేదా? పాపం, ఆయన ఎంత ఓర్చుకున్నాడో! అంతా అయ్యాక గుమాస్తా "ఎ. థర్కెల్" అని సంతకం కూడా చదివేశాడు. సిసిలీ లేచి నిలబడింది. పాదిరి మొహంలోకి కాసేపు చూసి, ఇంటి తాళాల గుత్తి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

గోతి దగ్గర దొరగారు పాదిరి భుజం మీద చెయ్యేశారు. "పోయినావిడ తప్పును నలుగురిలో క్షమించారు. ఎంత పెద్ద మనసండీ మీది," అన్నారు. పాదిరి తల దించుకున్నాడు. వినయమనుకున్నారు.

తనకని భూమ్మీద ఉన్న క్షమ అదొక్కటే. దాన్ని తన చేత్తోనే తిరగేసి, ఏ పాపమూ ఎరగని మనిషి మీద నేరంగా గుచ్చాడు. ఇంకోటి రాసిచ్చే చెయ్యి ఆ పెట్టెలోనే ఉంది.

జనం వెళ్లిపోయాక ఓబెడ్ పార అందుకున్నాడు. ముసలాడు కళ్లు తుడుచుకుంటున్నాడు.

"నేను పోతే నాకూ ఇంత మంచిది రాస్తారు కదయ్యా?"

"రాస్తాను," అన్నాడు పాదిరి. అది ఇంట్లో సిద్ధంగానే ఉంది.

"మరి మీకెవరు రాస్తారయ్యా?"

గోతిలో, నల్లగుడ్డ తీసేసిన పెట్టె మీద కాగితం వెల్లకిలా పడి ఉంది. సంతకం పైకే కనిపిస్తోంది.

"మట్టి వెయ్యి," అన్నాడు పాదిరి.

ఓబెడ్ వేశాడు.